మా చేతులకు భయం ఎక్కడిది?

గిటారు విప్పడానికి భయపడ్డామంటే మా బంధువులు నవ్వుతారు. లారీ గేర్‌బాక్సు ఊడదీసి రోడ్డు పక్క గోనెపట్టా మీద పరిచేవాళ్లు, కుట్టుమిషన్ను చివరి మేకు దాకా విప్పి కిరసనాయిల్లో కడిగేవాళ్లు మా వాళ్లలో ఇంటికొకరున్నారు. సైకిల్ షాపు, వెల్డింగ్ షాపు, రేడియేటర్‌కి మాట్లేసే షాపు... చెయ్యి నల్లబడే పని ఎక్కడున్నా అక్కడ మా పేర్లు వినపడతాయి. అలాంటి కొంపల్లో పుట్టిన మేం పదకొండు స్క్రూలు విప్పడానికి దాదాపు రెండేళ్లు ఆగాం. చేతకాక ఆగామా? స్క్రూడ్రైవర్ పట్టుకోవడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ వస్తువు మాది కాదనిపించి ఆగాం. డబ్బు మాదే. కొన్నదీ మేమే. అయినా మాది కాదు.

ఇక్కడ 'మేం' అంటే ఎవరో చెప్పాలి. మొదట అన్నదమ్ములం ఇద్దరం. కొంచెం దూరం పోయాక దూదేకులోళ్లం. ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలవుతుందో మాకే గీత దొరకదు.

నూర్‌బాషా అనండి, పింజారి అనండి, లద్దాఫ్ అనండి, దూదేకుల అనండి. ప్రభుత్వ జాబితాలో బీసీ-బీ. కులవృత్తి పత్తి ఏకడం. ఇంట్లో తెలుగే. నాన్నని నాన్నా అనే పిలుస్తాం, అబ్బా అనం. ఉర్దూ మాట్లాడేవాళ్ల మధ్య కూర్చుంటే మేం సగం ముస్లింలం. మిగతా వాళ్ల మధ్య కూర్చుంటే పూర్తి ముస్లింలం, అదీ ఒక కన్నేసి ఉంచాల్సిన ముస్లింలం. అద్దెకు ఇల్లు అడిగినప్పుడు ఆ సగమూ పూర్తీ లెక్క ఇంటాయన ముఖంలో కనపడుతుంది.

మా నాన్న చేతిలో ఉండింది విల్లు. చూడనివాళ్ల కోసం చెబుతాం. మనిషి ఎత్తుకి అటూఇటూగా ఉండే పొడుగాటి కర్ర. ఒక చివర వెడల్పాటి చెక్క. ఈ చివర నుంచి ఆ చివరకి బిగించి కట్టిన నరం. పేగుతో చేసిన నరం. పైకప్పు నుంచి తాడుతో వేలాడదీసిన ఆ విల్లుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నడుము సన్నగా రెండు చివర్లూ గుండ్రంగా ఉండే చెక్క గుండుతో నరాన్ని కొడతారు. నరం తుంయ్‌మని వణుకుతుంది. ఆ వణుకుకి పత్తి ఉండలు విడిపోయి, గింజ తునకా మట్టీ కిందికి రాలి, దూది పైకి లేస్తుంది. నరం వదులైతే దూది లేవదు. మరీ బిగిస్తే తెగి ముఖానికి తగులుతుంది. నాన్న ముందు ఒక దెబ్బ కొట్టి చెవిపెట్టి వినేవాడు. నచ్చకపోతే ముడి దగ్గర చిన్న చెక్కముక్క దూర్చి మళ్లీ కొట్టేవాడు. దాన్ని శ్రుతి చెయ్యడం అంటారని ఆయనకెవరూ చెప్పలేదు. మాకూ తెలీలేదు. మిషన్లు వచ్చాయి. స్పాంజి పరుపులొచ్చాయి. విల్లు అటకెక్కింది. నాన్న మార్కెట్ యార్డులో మూటలు మోసే పనికి పోయాడు.

గిటారు మా ఇంటికి 2009లో వచ్చింది. మాలో పెద్దవాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు కొన్నాడు. మూడు పికప్‌లది, పక్కన రెండు కొమ్ములుండేది. అప్పటికే ఇద్దరి చేతులు మారింది. దాన్ని ఒంగోలు తెచ్చినరోజు మేనమామ గుమ్మంలోనే నిలబడి "సంగీతం మనకి హరాం కదరా" అన్నాడు. మా పక్కింటి స్నేహితుడు "మీరు చర్చిలో ఎప్పుడు చేరార్రా" అన్నాడు. రెండు వైపుల నుంచీ ఒకే ప్రశ్న. ఇది మీదెట్లా అవుతుంది?

ఇద్దరికీ ఒకే జవాబు చెప్పొచ్చు. యూరప్‌వాళ్లు లూట్ అనే వాయిద్యం పేరు అరబ్బీ 'అల్ ఊద్' నుంచే పుట్టింది. ఊద్ అంటే చెక్క. 822లో బాగ్దాద్ వైపు నుంచి కార్డోబా చేరిన జిర్యాబ్ అనే పాటగాడు ఊద్‌కి అయిదో తీగ తగిలించాడనీ, చెక్కముక్క మానేసి గద్ద ఈకతో మీటడం మొదలెట్టాడనీ అరబ్బీ చరిత్రకారులు రాసుకున్నారు. అంటే పన్నెండు వందల ఏళ్ల కిందట ఒక ముస్లిం తన వాయిద్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచలేదు. అయితే ఈ జవాబు మేం మేనమామకి చెప్పలేదు. ఆయన జిర్యాబ్ కోసం కాదు, మా చెల్లి సంబంధం కోసం దిగులుపడుతున్నాడు. సంబంధాలు చూసేవాళ్లు ఇంట్లో ఏం వినపడుతుందో కూడా చూస్తారు.

గిటారుకి రెండు జబ్బులున్నాయి. ఆంప్లిఫయర్‌కి తగిలించగానే తేనెటీగల్లా మోత. రెండోది, మెడ పైన తీగలు కూర్చునే గాళ్ల ముక్క, దాన్ని నట్టు అంటారు, ఒక చివర పగిలి సన్న తీగ పక్కకి జారిపోయేది. ఒక పెద్ద సంగీత వాయిద్యాల షాపుకి తీసుకెళ్లాం. పేరు అనవసరం. అక్కడ మెకానిక్ చూసి మూడు పికప్‌లూ మార్చాలన్నాడు. ఆయన చెప్పిన మొత్తం గిటారు కొన్న ధరలో సగం దాటింది. మేమే విప్పి చూస్తామంటే పేర్లు అడిగాడు. చెప్పాం. "ఇది బండి ఇంజిన్ కాదు బాబూ, మీరు చెయ్యి పెట్టకండి" అన్నాడు. బండి ఇంజిన్ మాట మేం ఎత్తలేదు. మా పేర్లు విన్నాక ఆయనకి గుర్తొచ్చింది.

ఆ మాట రెండేళ్లు పనిచేసింది. ఇది ఒప్పుకోక తప్పదు. రాత్రిళ్లు గిటారు ఒళ్లో పెట్టుకుని స్క్రూడ్రైవర్ మొన స్క్రూ తల మీద ఆనించేవాళ్లం. ఒకడు తిప్పమంటే ఇంకొకడు ఆగమనేవాడు. చెక్క పెచ్చు లేస్తే? లోపల వెంట్రుకలాంటి తీగ తెగితే? మళ్లీ అమ్ముదామంటే ఎవడు కొంటాడు? పేదిళ్లల్లో ఖరీదైన వస్తువుకి గుడ్డ కప్పి పెడతారు. టీవీ మీద గుడ్డ, ఫ్రిజ్ మీద గుడ్డ. రిమోట్‌కి ప్లాస్టిక్ తొడుగు. వస్తువు పాడైతే ఇంకోటి రాదన్న భయానికి వేసిన గుడ్డలవి. మా గిటారు మీదా ఒక దుప్పటి ఉండేది. అమ్మ కుట్టింది.

భయం పోగొట్టింది ధైర్యం కాదు, సమాచారం. మేం చదవడం మొదలెట్టాం. బ్రయాన్ మే అనే ఇంగ్లండ్ కుర్రాడు 1963లో వాళ్ల నాన్నతో కలిసి గిటారు తయారుచెయ్యడం మొదలెట్టాడు. కొనడానికి డబ్బుల్లేక. మెడకి పాత నెగడిగూటి చట్రం చెక్క. స్ప్రింగులు మోటార్‌సైకిల్ ఇంజిన్ వాల్వులవి. మెడ మీది గుర్తులకి అమ్మ కుట్టుపెట్టెలోంచి ముత్యపుచిప్ప గుండీలు. క్వీన్ అనే బృందంలో ఆయన జీవితాంతం వాయిస్తున్నది ఆ గిటారే. బండి ఇంజిన్ కాదన్నాడే మా షాపాయన! మరి ఆ వాల్వు స్ప్రింగుల సంగతేంటి?

ఎడ్డీ వాన్ హాలెన్ కథ మాకు ఇంకా దగ్గర. తండ్రి హాలండ్‌వాడు. తల్లి జావాలో పుట్టిన మిశ్రమ రక్తం మనిషి. రంగు పేరుతో అక్కడ మాటలు పడ్డ కుటుంబం 1962లో అమెరికా వెళ్లింది. ఆయన యాభై డాలర్లకి మొండెం, ఎనభై డాలర్లకి మెడ కొని, వేరే గిటారులోని పికప్ పీకి దీంట్లో పెట్టాడు. అనవసరమనుకున్న బొత్తాలు తీసేసి ఒక్క శబ్దం బొత్తాం ఉంచాడు. పికప్ కీచుమని అరవకుండా దాన్ని కరిగించిన మైనంలో ముంచాడు. మైనం చుట్ల సందుల్లోకి పోయి గడ్డకడితే రాగి తీగ కదలదు, అరుపు తగ్గుతుంది. 1978లో వచ్చిన వాళ్ల మొదటి రికార్డు మీద ఉన్నది ఆ అతుకుల గిటారు.

ఆ మైనం దగ్గర మేం ఆగిపోయాం. మా జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గుర్తొచ్చారు. నాదస్వరానికి కింది భాగంలో వేళ్లు పెట్టని రంధ్రాలు కొన్ని ఉంటాయి. నాదం సరిపెట్టడానికి వాటిల్లో కొన్నిటిని మైనంతో మూస్తారు. తరతరాలుగా గుళ్ల ముందు నాదస్వరం ఊదిన ముస్లిం కళాకారులు ఈ నేల మీద చేస్తున్న పనే అది. ఆయన శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకుని, 1999లో పోయారు. ఆయన్ని ఎవరూ 'ఇది మీరు చెయ్యిపెట్టే వస్తువు కాదు' అని ఉండరని మేం అనం. అని ఉంటారు. అలాగే పాలకొల్లు శ్రీనివాస్. జంట తీగలతో ఎనిమిది తీగలుండే మాండొలిన్‌ని అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని కర్ణాటక సంగీతం వాయించాడు. వాయిద్యం దేవుడిచ్చింది కాదు. ఎవడో ఒకడు చెక్కిందే. ఇంకొకడు మార్చిందే.

ఇక లోపల ఏముందో తెలుసుకున్నాం. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్న రాగి తీగ. పైన ఉక్కు తీగ వణికితే అయస్కాంత క్షేత్రం కదిలి, రాగి తీగలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. కొద్దిపాటి అంటే వోల్టులో ఏ కొన్ని వంతులో. దాని తర్వాత శబ్దం పెంచే బొత్తాం, స్వరం మెత్తబరిచే బొత్తాం, ఒక కెపాసిటర్, ఒక స్విచ్చి. అంతే. మాలాంటి మామూలు గిటారులో బ్యాటరీ కూడా ఉండదు. తీగ ఊడదీసి ఒళ్లో పెట్టుకుంటే షాక్ కొట్టే దారే లేదు. మా చిన్నప్పటి రేడియో దీనికన్నా కష్టం.

ఆంప్లిఫయర్ వేరు. అది చెప్పకపోతే తప్పు. పాతకాలపు వాల్వు ఆంప్లిఫయర్‌లో వందల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలవ ఉంటాయి. దాన్ని మేం ఇప్పటికీ ముట్టుకోం. ఇంకోటి, గిటారు తీగలు వైరు ద్వారా ఆంప్లిఫయర్ ఇనప డబ్బాకి కలిసి ఉంటాయి. ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి వెనక ఎర్త్ లేకపోతే, డబ్బాలో లోపం వచ్చిననాడు కరెంటు తీగల మీదుగా వేళ్లకొస్తుంది. మా పాత ఇంట్లో ఎర్త్ లేదు. ముందు గోడ పక్క గుంట తీసి ఎర్త్ వేయించాం. ఆ భయం భయపడాల్సిందే. షాపాయన పెట్టిన భయం అట్లాంటిది కాదు.

కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల్లో టంకం తీగ కొన్నాం. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం ఉంది కాబట్టి పని అయ్యాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు. చచ్చిన రేడియో బోర్డు ఒకటి తెచ్చుకుని నెలరోజులు దాని మీదే సాధన. టంకాన్ని కాల్చకూడదు, అతికించే లోహాన్ని కాల్చాలి. లోహం వేడెక్కితే టంకం దానంతట అదే నీళ్లలా పారి మెరుస్తూ కూర్చుంటుంది. మసగ్గా ఉండకట్టిందంటే అతుకు నిలవదు. బొత్తాం వెనక రేకు వేడిని లాగేస్తుంది, అక్కడికి సన్నమొన ఇస్త్రీ పనికిరాదు, వెడల్పు మొన కావాలి. నెల తిరిగేసరికి చెయ్యి వణకడం మానేసింది. అతుకు మెరవకపోతే ఎందుకు మెరవలేదో తెలిసిపోతుంటే వణుక్కి చోటెక్కడిది?

ఒక నియమం పెట్టుకున్నాం. వెనక్కి తెచ్చుకోగలిగే పని ముందు, తెచ్చుకోలేనిది చివర. స్క్రూ విప్పితే బిగించొచ్చు. వైరు ఊడదీస్తే అతికించొచ్చు. మెడ లోపలి ఇనప కడ్డీని పావు చుట్టు తిప్పి ఒకరోజు ఆగి చూస్తే, నచ్చకపోతే పావు చుట్టు వెనక్కి తిప్పొచ్చు. చెక్క తొలిస్తే మాత్రం తిరిగి రాదు. అందుకని చెక్క జోలికి పోలేదు. తీగలు వదులు చేశాం, రంగు చెడకుండా అంచులకి కాగితం టేపు అంటించాం, స్క్రూలు విక్స్ డబ్బాలో వేశాం, ఏ వైరు ఎక్కడుందో నోటుబుక్కులో బొమ్మ గీశాం. ఇప్పుడైతే ఫోనుతో ఫొటో తీస్తారు. బొమ్మ గియ్యడమే మంచిది. గీస్తున్నప్పుడే అర్థమవుతుంది.

ప్లేటు ఎత్తాం. తీగలు ముట్టుకున్నా మోత తగ్గట్లేదంటే తీగల నుంచి భూమికి పోయే దారి తెగిందని చదివాం. మల్టీమీటరు పెట్టి చూస్తే అదే. వంతెన కిందకి పోయే నల్ల వైరు ఊడి చెక్క సందులో పడుంది. మూడు పికప్‌లూ బాగున్నాయి. వైరు ముక్క, రెండు చుక్కల టంకం. తర్వాత గుంట లోపలంతా రాగి రేకు అంటించి దాన్నీ ఎర్త్‌కి కలిపాం. మోత చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు. ఒంటి చుట్ట పికప్‌కి యాభై హెర్ట్‌జుల కరెంటు గుర్రు రాగి రేకుతో పోదు, అది దాని స్వభావం. ప్లగ్గు పెట్టి అన్నయ్య ఒక తీగ మీటి చెయ్యి ఆనించి ఆపాడు. గదిలో ఫ్యాను చప్పుడు వినపడింది.

ఇక నట్టు. చౌక గిటార్లకి ప్లాస్టిక్‌ది వేస్తారు. మంచివాటికి ఎముకది వేస్తారు. దేని ఎముక? పశువుల ఎముక. గిటారు చేసేవాళ్లెవరూ దీన్ని దాచరు. ప్యాకెట్టు మీదే రాసి అమ్ముతారు. మాకు ప్యాకెట్టు అవసరం లేదు. మా వీధి చివర మాంసం కొట్టులో మామని అడిగితే గేదె కాలి ఎముక ఒకటి ఊరికే ఇచ్చాడు. "సూప్‌కా?" అన్నాడు. "గిటారుకి" అన్నాం. ఆయన మాకన్నా తక్కువ ఆశ్చర్యపడ్డాడు.

ఎముకని రంపపు బ్లేడుతో కోసి, మూలుగ తీసి, నీళ్లలో సన్నమంట మీద ఉడికించి, సబ్బునీళ్లలో నానేశాం. కొవ్వు మిగిలితే తర్వాత పచ్చబారుతుంది. కొన్ని వారాలు ఎండబెట్టాం. ముక్కుకి గుడ్డ కట్టుకుని అరగదీశాం. ఎముక పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. నలభై రెండు మిల్లీమీటర్ల పొడుగు, మూడున్నర మందం. ఆరు గాళ్లు కొయ్యడానికి ప్రత్యేకమైన ఆకురాళ్లుంటాయి, వాటి ధర మాకు అందదు. గ్యాసు వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే గరుకు సూదుల కట్ట పక్క షాపులో దొరికింది. ఒక్కో సూది ఒక్కో మందం. తీగల మందానికి సరిపోయాయి. మూడో మెట్టు మీద తీగ నొక్కి పట్టుకుంటే, మొదటి మెట్టుకీ తీగకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. అంతకన్నా దిగితే తీగ గరగరమంటుంది. రెండు గీతలు గీసి, తీగ వేసి, చూసి, మళ్లీ రెండు గీతలు. నాన్న వెనక కూర్చుని చూస్తున్నాడు. ఏడెనిమిదిసార్లు అయ్యాక "ఇంక ఆపరా" అన్నాడు. సందు కొలిచి చూశాం. సరిపోయింది. కళ్లజోడు లేకుండా ఆయనకెట్లా కనపడిందని అడిగితే, "చూళ్లేదు, విన్నా" అన్నాడు.

మేం నలుగురం కలిసి వాయించేవాళ్లం. వాళ్లలో ఒక స్నేహితుడు శాకాహారి. మా గిటారు తీసుకుని పది నిమిషాలు వాయించి, ఖాళీ తీగ గంటలా మోగుతోందన్నాడు. ఏం చేశార్రా అన్నాడు. ఎముక నట్టు అన్నాం. ఏ కంపెనీ అన్నాడు. మాంసం కొట్టు మామ పేరు చెప్పాం. గిటారుని మెల్లగా పక్కన పెట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. అతని గిటారుకీ ఎముక నట్టే ఉంది. విదేశాల నుంచి తెప్పించుకున్నాడు, ఆ సంగతి మాకు అతనే గొప్పగా చెప్పాడు. ఆ మాటే గుర్తుచేశాం. "అది వేరు" అన్నాడు. ఎట్లా వేరో చెప్పలేదు. చెప్పలేడు. మృదంగం తోలు మీద చెయ్యి వేసే పెద్దలు కూడా చాలాకాలం చెప్పలేదు. 1940లలో నైలాన్ వచ్చేదాకా స్పానిష్ గిటారు సన్న తీగలు పశువుల పేగువే, మా నాన్న విల్లు నరంలాగే. పశువు ఎవరి చేతిలోంచి వస్తుందన్నదే లెక్క. ప్యాకెట్టులోంచి వస్తే ముడిసరుకు. మా చేతిలోంచి వస్తే మాంసం.

అతను మాతో వాయించడం మానలేదు. మా గిటారు మాత్రం మళ్లీ అడగలేదు. అయితే మూడేళ్ల తర్వాత తన గిటారు బొత్తాం గరగరమంటోందని మా ఇంటికే తెచ్చాడు. షాపులో ఎంత చెప్పారో చెప్పాడు. మేం నవ్వి విప్పాం. పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నాడు. అమ్మ టీ ఇచ్చింది, తాగాడు. నట్టు గురించి అతనూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటం స్నేహమా, సర్దుబాటా అన్నది మేమిద్దరం ఇప్పటికీ తేల్చుకోలేదు.

మేనమామ దిగులు పెళ్లితో తీరింది. చెల్లికి సంబంధం కుదిరిన ఇంట్లో పెళ్లికొడుకు అన్నే బ్యాండుమేళంలో క్లారినెట్ వాయిస్తాడు. క్లారినెట్ మీటల కింద తోలు బిళ్లలు అరిగితే తనే కత్తిరించి అతికించుకుంటాడట. పెళ్లిరోజు రాత్రి మేం ముగ్గురం చేసిన కబుర్లన్నీ జిగురు గురించే.

ఇప్పుడు వీధిలో పిల్లలు గిటార్లు తెస్తున్నారు. కిందటి వారం తొమ్మిదో తరగతి చదివే మా నూర్‌బాషా పిల్ల ఒకతె వచ్చింది. స్కూల్లో వాయిస్తుంది. జాక్ దగ్గర వైరు తెగింది. "మీరు చేసిపెట్టండి మామా, నేను ముట్టుకుంటే పోతుంది" అంది. గిటారు పక్కన పెట్టి, మా పాత రేడియో బోర్డు తీసి, ఇస్త్రీ వేడెక్కించి ఆమె చేతికిచ్చాం. మొదటి నాలుగు అతుకులూ మసగ్గా వచ్చాయి. అయిదోది మెరిసింది. బోర్డు మీద ఇంకో ఇరవై కాళ్లున్నాయి, అవన్నీ చేశాక గిటారు విప్పుదువుగానిలే అన్నాం. శుక్రవారం మళ్లీ వస్తానంది.